పిన్ని ఫైలు

ఆ ఆఫీసులో ఆమెని అందరూ పిన్ని అని పిలిచేవారు. నిండా నలభై లేవు ఆమెకి. కాని వీడియో ఆటలు తయారుచేసే చోట ముప్పై దాటితే చాలు, పెద్దవాళ్ళ కింద జమ. ఆమె చేరిన కొత్తలో బొమ్మలు గీసే కుర్రాడొకడు జ్వరంతో వణుకుతూ కూర్చుంటే, "లే ముందు, ఇంటికి పో" అని కసిరింది. "సరే పిన్నీ" అన్నాడు వాడు నీరసంగా నవ్వి. పిలుపు అప్పుడు అంటుకుంది. మేనేజరు మాత్రం ఎదురుగా "ఏమండీ" అనేవాడు, వెనకాల "పిన్నిగారిని కనుక్కోండి" అనేవాడు.

ఆమె చేసే పని ఆటలో ఎవరికీ కనిపించదు. తెర మీద కనిపించేది గుర్రం, కోట, వాన. వాటన్నిటినీ అడుగునుంచి నడిపించేదాన్ని ఇంజను అంటారు. ఆ కంపెనీ సొంతంగా ఇంజను కట్టుకోలేదు, బయటివాళ్ళ దగ్గర సోర్స్ కోడుతో సహా తెచ్చుకుంది. సోర్స్ కోడు చేతిలో ఉంటే ఇంజను పొట్ట విప్పి చూడొచ్చు, కావలసినచోట కుట్లు వేసుకోవచ్చు. ఆ కుట్లు వేసే చెయ్యి పిన్నిది.

ఏ ఇంజనైనా తాను చేస్తున్న పనంతా ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఫలానా బొమ్మ తెచ్చాను, ఫలానా చప్పుడు మొదలుపెట్టాను అని. దాన్నే లాగ్ అంటారు. ఈ ఇంజను రాసుకునే లాగ్‌లో రెండు ఇబ్బందులుండేవి. అందరి మాటలూ ఒకే ఫైల్లో కుప్పగా పడేవి, సంతలో చెవి పెట్టి ఒక్క మనిషి గొంతు పట్టుకున్నట్టుండేది వెతకడం. రెండోది ఇంకా ఇబ్బంది. వచ్చిన మాటని వచ్చినట్టు రాయకుండా, కాసిని పోగయ్యేదాకా ఇంజను గుప్పిట్లో పెట్టుకుని, అప్పుడు డిస్కు మీద రాసేది. ఆట ఉన్నట్టుండి కూలిపోతే గుప్పిట్లో ఉన్నదంతా దాంతోపాటే పోయేది. కూలే ముందు ఆఖరి మాటేమిటో తెలియాలి కదా, సరిగ్గా అదే దొరికేది కాదు.

అందుకని పిన్ని ఇంజను పొట్ట విప్పి, పక్కన వేరే ఫైలు పుట్టేలా రాసింది. అందులో తమకి అక్కరకొచ్చే మాటలే పడతాయి. ఒక్కో వాక్యం అన్న మరుక్షణం డిస్కు మీదికి ఎక్కేస్తుంది. ఎవరన్నారో, ఎప్పుడన్నారో ముందు రాసి ఉంటుంది. దానికి ఆమె పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరి నోటా అది పిన్ని ఫైలే. ఆట కూలితే చాలు, "పిన్ని ఫైలు చూశావా?" అనేవారు. చూస్తే అర్థం కాకపోతే పిన్నినే పిలిచేవారు. ఆమె వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆఖరి నాలుగు వాక్యాలు చదివి, "ఇదుగో ఇక్కడ" అని వేలు పెట్టేది. ఆ వేలు పెట్టే క్షణం ఆమెకెంత ఇష్టమో ఆమె ఎవరికీ చెప్పలేదు.

చిక్కల్లా ఆ ఇష్టంలోనే మొదలైంది.

అంతకు ముందు వేసవిలో ఆమె భర్తకి వేరే ఊరు బదిలీ అయింది. కంపెనీకి ఆ ఊళ్ళోనూ ఒక చిన్న ఆఫీసుంది, అక్కడ ఫోన్లలో ఆడుకునే ఆటలు చేస్తారు. పిన్నిని అక్కడికి పంపడానికి మేనేజరు ఒప్పుకున్నాడు కూడా. "ఈ ఆట బయటికి వెళ్ళనివ్వండి చాలు, మర్నాడే మీ బదిలీ" అన్నాడు. స్కూళ్ళు తెరిచే రోజులు. పాప రెండో క్లాసు. ఆట ఇవాళో రేపో అన్నట్టుంది కదా అని సామానంతా లారీకెత్తి, భర్తనీ పాపనీ పంపించేసింది. తాను ఒక పెట్టెతో వచ్చి అక్క ఇంట్లో దిగింది. ఇంజను అమ్మినవాళ్ళతో ఒప్పందం ప్రకారం సోర్స్ కోడు ఆ భవనం దాటి బయటికి పోకూడదు. లేకపోతే ఏ ల్యాప్‌టాపో చంకన పెట్టుకుని ఆమె కూడా లారీ ఎక్కేసేదే.

అక్క ఇంటి వెనక గదిలో అంతకుముందు ఇస్త్రీ బల్ల, అటక మీద పట్టని అట్టపెట్టెలు ఉండేవి. ఇప్పుడు అవీ ఉన్నాయి, వాటి మధ్య పిన్నీ ఉంది. మంచం దిగాలంటే ఇస్త్రీ బల్లని ముందు గోడకి నెట్టాలి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, చెయ్యి చాపితే అందేంత దూరంలో. బావ ప్రతి ఆదివారం తలుపు దగ్గర నిలబడి, "ఏం మరదలా, మా ఇస్త్రీ బల్ల అద్దె కడుతోందా నీకు?" అనేవాడు. అక్క వంటింట్లోంచి, "మీరూరుకోండి, అది ఏడుస్తుంది" అని కేకేసేది. ఏడుపొచ్చేది బావ మాటకి కాదు, అక్క మాటకి.

ఇక ఆట సంగతి. అది బయటికి వెళ్ళేముందు పిన్ని ఫైలుని అందులోంచి తీసేయాలి. అది తమ లోపలి అవసరానికి పెట్టుకున్నది. ఆడుకునేవాళ్ళ యంత్రాల్లో అది ఊరికే రాసుకుంటూ పోతే డిస్కు నిండిపోతుంది, పాత యంత్రాల మీద ఆట కుంటుతుంది. తీసేయడం పెద్ద పనేం కాదు. ఒక్క మీట లాంటిది ఏర్పాటు చేసింది ఆమె ముందే. ఆ మీట నొక్కి, తయారైన ఆటని పరీక్షలకి పంపింది.

పరీక్షలు చేసే అమ్మాయిని సుత్తి అనేవారు. ఆటని ఎక్కడ కొడితే పగులుతుందో చూడటం ఆమె ఉద్యోగం. కబుర్లు మొదలెడితే ఆపదు, ఆ రకంగానూ పేరు సరిపోయింది. ఆరోజు మాత్రం కబుర్లేం లేకుండా వచ్చి పిన్ని కుర్చీ వెనక నిలబడింది.

"పిన్నీ, గుర్రం పడిపోతోంది."

"ఎక్కడే?"

"వంతెన మీద. కాలు పెట్టగానే ఆట ఢామ్."

"ఫైల్లో ఏముంది?"

"ఫైలెక్కడిది? నువ్వే తీసేశావుగా."

పిన్ని నవ్వింది. మీట వెనక్కి తిప్పి, ఫైలు పెట్టి, మళ్ళీ ఆడించమంది. గుర్రం దర్జాగా వంతెన దాటింది. పదిసార్లు ఆడినా దాటింది. ఫైలు తీసేశారు, పడిపోయింది. పెట్టారు, దాటింది.

"దీనికి నువ్వు చూస్తుంటేనే నడవాలని ఉంది పిన్నీ" అంది సుత్తి.

ఆ మాటకి గదంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు.

మేనేజరు తేలిగ్గా తీసుకున్నాడు. "ఏమండీ, ఫైలు ఉంటే బాగుంది కదా. ఉంచేయండి, పంపేద్దాం" అన్నాడు. ఉంచే పంపారు. ఆటలు అమ్మే దుకాణం వాళ్ళు తమ పరీక్షలో పెట్టి, ఈ ఆట ఆగకుండా డిస్కు మీద ఏదో రాస్తోంది, మేం ఒప్పుకోం అని తిప్పి పంపేశారు. ఫైలుంటే దుకాణం వద్దంటుంది, లేకపోతే గుర్రం వద్దంటుంది. మధ్యలో పిన్ని.

అప్పుడామె తనకి తెలిసిన పనే చేసింది. వంతెన దగ్గర ఏం జరుగుతోందో తెలుసుకోవాలని, ఒక్క ఆ భాగంలోనే ఫైలుని ఉంచి, ఇంకాస్త విడమరిచి రాసేలా వాక్యాలు చేర్చింది. గుర్రం పడలేదు. సరే, ఎక్కడో తప్పు దాక్కుందని ఇంకా చేర్చింది. గుర్రం ఇంకా నిబ్బరంగా నడిచింది. ఎన్ని దీపాలు పెడితే అంత దూరం పారిపోయే దొంగలా ఉంది వ్యవహారం. దీపం ఆర్పితే దొంగ వస్తాడు, కాని చీకట్లో మొహం కనపడదు. ఆమె చేతిలో ఉన్నది దీపమొక్కటే. రోజులు అలా గడిచిపోయాయి. ఉదయం వచ్చి వాక్యాలు చేర్చడం, సాయంత్రానికి తీసేయడం. ఆటకి అనుకున్న తేదీ పోయింది. ఇంకో తేదీ పెట్టారు, అదీ పోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసేది. అక్కడైతే ఎవరూ వినరు, కాని లిఫ్టు మోటారు హోరుకి సగం మాటలు వినపడవు.

"అమ్మా, నీ గుర్రం వంతెన దాటిందా?" అని అడిగేది పాప.

"ఇంకా లేదమ్మా."

"దానికి ఈత నేర్పొచ్చు కదా? కింద నీళ్ళున్నాయిగా."

భర్త ఫోన్ తీసుకుని, "నీ ఉద్యోగం ఆ గుర్రానికి ఇప్పించు, నువ్వు వచ్చెయ్యి" అనేవాడు. ఆయన నెమ్మదస్తుడు. ఎప్పుడొస్తావని అడిగేవాడు కాదు. అడిగితే ఎలాగో ఒకలా సమాధానం చెప్పి ఉండేది. కొన్నాళ్ళకి పాప కూడా గుర్రం ఊసెత్తడం మానేసింది. ముందు పన్ను ఊడిందన్న సంగతి ఫోటోలో చూసి తెలుసుకుంది పిన్ని. "ఎప్పుడూడింది?" అంటే, "అది పాత సంగతి అమ్మా" అంది పాప, పెద్దమనిషిలా.

ఆ సాయంత్రం ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని అక్కతో అంది, "నా ఫైలు ఉన్నంతసేపూ అది దొరకదక్కా. ఫైలే అడ్డం."

అక్కకి ఆటలూ ఇంజన్లూ తెలియవు. కూరలు తరుగుతూ, "అయితే రాయకుండా గుర్తుపెట్టుకోమని చెప్పు" అంది.

"ఎవరికి?"

"నాకేం తెలుసు, ఎవరు రాస్తున్నారో వాళ్ళకి."

అక్క పరధ్యానంగా అన్న మాటే. పిన్నికి మాత్రం ఆలోచన అందింది. లాగ్ అంటే డిస్కు మీద రాయడమే అని ఇన్నాళ్ళూ ఆమె మనసులో పాతుకుపోయింది. డిస్కు జోలికి పోకుండా, ఇంజను తన జ్ఞాపకంలోనే చిన్న గుర్తులు పెట్టుకుని, కూలిపోయాక ఆ గుర్తుల్ని బయట పెడితే సరిపోతుంది. గుర్తు పెట్టుకోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. దొంగకి దీపం వెలుగు తగలదు.

మర్నాడు అలాగే చేసింది. గుర్రం వంతెన మీద కాలు పెట్టింది, పడిపోయింది. ఆమె ఎన్నడూ ఆట కూలినందుకు అంత సంతోషించలేదు.

గుర్తులు చూస్తే సంగతి ఇది. ఇంజను లోపల ఒకేసారి పనిచేసే పనివాళ్ళు చాలామంది. ఒకడు డిస్కు మీంచి వంతెనని తెస్తాడు, ఇంకొకడు గుర్రాన్ని దాని మీదికి ఎక్కిస్తాడు. రెండోవాడు మొదటివాడి కోసం ఆగడం లేదు. వంతెన రాకముందే గుర్రాన్ని ఎక్కిస్తున్నాడు. ఫైలు ఉన్నప్పుడు మాత్రం ఇద్దరూ అందులో రాయాలి. ఫైలు ఒక్కటే కాబట్టి ఒకరు రాసేదాకా రెండోవాడు గుమ్మంలో నిలబడాలి. ఆ నిలబడ్డ కాస్తలో వంతెన వచ్చేసేది.

మరి అసలు ఇంజనులో ఆగమని ఎందుకు లేదు? ఇంత పెద్ద ఇంజను రాసినవాళ్ళకి ఆమాత్రం తెలియదా? పిన్ని ఇంజను వాళ్ళు పంపిన అసలు కోడు తీసి పక్కన పెట్టుకుని చూసింది. ఉంది. వంతెన వచ్చేదాకా ఆగు అని ఒక్క వాక్యం, శుభ్రంగా. తమ కోడులో సరిగ్గా ఆ చోట ఆ వాక్యం లేదు. దాని బదులు పిన్ని ఫైలుకి రాసే వాక్యం ఉంది.

ఇంజను వాళ్ళు కొత్త వెర్షను పంపినప్పుడల్లా పిన్ని తన కుట్లన్నీ మళ్ళీ దాని మీద వేసుకోవాలి. చాలావరకు కంప్యూటరే వేసేస్తుంది. ఒకేచోట వాళ్ళూ మార్చి, తామూ మార్చి ఉంటే మాత్రం ఆగి అడుగుతుంది, వాళ్ళది ఉంచనా, నీది ఉంచనా అని. అప్పుడు రెండూ చదివి కలపాలి. ఆమె ఎప్పుడూ చదివే కలిపేది. ఈ ఒక్కచోట 'నాది' అని నొక్కేసింది. ఏ రోజున నొక్కిందో కూడా అక్కడే ఉంది. సామాను లారీ వచ్చిన రోజు. లారీవాడు కింద హారన్ కొడుతున్నాడని భర్త ఫోన్ చేస్తుంటే, మిగిలిన ఆ ఒక్కదాన్నీ చదవకుండానే నొక్కేసి పరుగెత్తింది. వాళ్ళ కొత్త వాక్యాన్ని తోసేసి అక్కడ కూర్చున్న తన వాక్యం, తెలియకుండానే దాని పని చేస్తూ వచ్చింది.

తనని ఇన్నాళ్ళూ ఇక్కడ కట్టేసినవాళ్ళెవరా అని పిన్ని ఎంతమందినో తిట్టుకుంది లోపల్లోపల. తీరా చూస్తే తాడు తన చేతిదే.

వాక్యాన్ని తిరిగి పెట్టింది. గుర్రం ఫైలు లేకుండానే దాటింది. మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది, 'నాది' నొక్కిన సంగతితో సహా. ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కుర్చీలో ముందుకి వంగి, "చూశారా మరి! ఇంత సూక్ష్మం మీరు తప్ప ఇంకొకరు పట్టగలరా?" అన్నాడు.

"పట్టానుగా. ఆట వెళ్ళిపోతుంది. నా బదిలీ..."

"దాని గురించే. ఇంజను కొత్త వెర్షను వచ్చింది నిన్న. ఆటకి తర్వాతి భాగం దాని మీదే కట్టాలి. మీ కుట్లు మళ్ళీ వేయాలి కదా. ఒక్క పొరపాటుకి ఇంత జరిగిందంటే, కొత్తవాళ్ళ చేతిలో పెట్టగలమా? మీరే చెప్పండి."

"మీరు మాటిచ్చారండీ."

"ఇచ్చాను, కాదనను. ఈ ఒక్క వెర్షనూ కానివ్వండి."

బయటికొచ్చేసరికి సుత్తి మిఠాయిలు పంచుతోంది, గుర్రం పేరు చెప్పి. పిన్ని ఆమెని పక్కకి పిలిచింది.

"నీకు నేర్పుతానే. కుట్లు వేయడం. నువ్వైతే ఇట్టే పట్టేస్తావు. నువ్వు చేయగలవని ఆయనకి తెలిస్తే నన్ను వదిలేస్తాడు."

సుత్తి నోట్లో మిఠాయి నమలడం ఆపింది. నవ్వబోయి మానేసింది. "వద్దు పిన్నీ."

"ఏం, కష్టమనా?"

"కాదు. నేర్చుకుంటే ఇంక నేనే. నువ్వు వెళ్ళిపోతావు, 'సుత్తిగారిని కనుక్కోండి' అంటాడాయన. నాకు పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, ఆ అబ్బాయిది ఏ ఊరో ఏమిటో. నీ కుర్చీలో కూర్చోబెట్టకు నన్ను, నీకు దణ్ణం పెడతాను."

పిన్నికి కోపం రాలేదు. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తన కుర్చీ ఎదుటివాళ్ళ కళ్ళకి ఎలా కనిపిస్తుందో మొదటిసారి చూసింది. తాను బయటపడాలంటే ఎవరో ఒకరు లోపలికి రావాలి. ఫైలు ఉన్నంతకాలం దాని పక్కన ఒక మనిషి ఉండి తీరాలి.

ఉన్నంతకాలం.

ఆటని మళ్ళీ దుకాణానికి పంపేశారు. తర్వాతి రెండు మూడు రోజులూ ఆమె మాటా పలుకూ లేకుండా పనిచేసింది. ఇంజను నిండా వేసిన తన కుట్లని ఒక్కొక్కటే విప్పింది. కొన్ని చూస్తే ముచ్చటేసింది, పాప పుట్టకముందు రాసినవి. అన్నీ విప్పేశాక ఇంజను, వాళ్ళు పంపినప్పుడు ఎలా ఉందో అలా అయింది. ఇక కొత్త వెర్షను వస్తే దాన్ని తెచ్చి పెట్టుకోవడమే, కలపడానికేమీ లేదు. ఎవరైనా చేస్తారు. చేసిన మార్పు కింద కారణం దాపరికం లేకుండా రాసింది: ఈ ఫైలుని సాకడానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి, అంత ఖరీదు దీనికి వద్దు, ఇంజను సొంత లాగ్‌తో సరిపెట్టుకుందాం.

ఇంజనులో ఏది మార్చినా ఇంకొకరు చూసి ఒప్పుకోవాలని అక్కడి నియమం. ఆ ఫైలు విషయంలో ఒప్పుకోవలసింది సుత్తే.

సుత్తి చదివింది. చదివి, కుర్చీ జరుపుకుంటూ వచ్చింది. "పిన్నీ, ఇది లేకపోతే నాకు కళ్ళు పీకేసినట్టే. పొద్దస్తమానం దాన్నే చూసి బతుకుతున్నాను నేను."

"తెలుసే."

"ఇంజను లాగ్‌లో ఆఖరి మాట దొరకదు. ఒక్కసారి కూలితే వారం పడుతుంది నాకు."

"అవును. పడుతుంది."

సుత్తి గోళ్ళు కొరుక్కుంటూ, "నీ కుర్చీ నాకొద్దన్నాను, ఇప్పుడిది కూడా వద్దంటే మనిషిని కాను" అని గొణిగి, తన బల్ల దగ్గరికి పోయి ఒప్పుకుంటున్నట్టు నొక్కేసింది.

మేనేజరు ఊగిపోయాడు. అందరినీ నిలబెట్టి, "పాతది తిరిగి తెస్తాను. తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు? చెయ్యెత్తండి" అన్నాడు. బొమ్మలవాళ్ళు నేల చూశారు. చప్పుళ్ళు కూర్చే అతను చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన పిన్ని వైపు తిరిగి, "మీరే పెట్టండి మళ్ళీ" అన్నాడు.

"పెట్టనండీ" అంది పిన్ని.

మర్నాడు, తర్వాతి భాగం కోసం ఆడించి చూస్తున్న ఆట ఎక్కడో కూలింది. గదిలో తలలన్నీ అలవాటుగా ఆమె వైపు తిరిగాయి. ఆమె కూడా అలవాటుగా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి లేచింది. ఇంజను లాగ్ తెరిచి చూసింది. కూలే ముందు మాటలు అందులో లేవు.

"నాకూ తెలీదు" అంది.

తలలు మళ్ళీ ఎవరి తెరల వైపు వాళ్ళవి తిరిగిపోయాయి. ఆమె వచ్చి కూర్చుంది. చేయడానికి పనేమీ లేదు. ఆ రోజంతా ఎవరూ "పిన్నీ" అని పిలవలేదు. అక్క ఇంటి వెనక గదిలో కూడా ఆమెకి అంత ఇరుకుగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. టీ తెచ్చుకోవడం, తాగడం, కప్పు కడగడం.

వారాంతంలో మేనేజరు పిలిచాడు. కూర్చోమనలేదు. కాగితాలు సర్దుకుంటూ, "మీరిక్కడ ఖాళీగా కూర్చుంటే పైవాళ్ళకి నేను సమాధానం చెప్పుకోవాలి. ఆ ఊరికి రాసేశాను, ఒకటో తారీకున అక్కడ చేరండి" అన్నాడు. ఆమె థాంక్సండీ అంది. ఆయన తల ఎత్తలేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేసింది. పాప ఎత్తింది.

"అమ్మా, నేను బొమ్మ వేస్తున్నా, తొందరగా చెప్పు."

"నేను వచ్చేస్తున్నానే."

లిఫ్టు హోరులో వినపడలేదేమోనని పిన్ని మళ్ళీ అంది.

"ఆట అయ్యాకా?" అంది పాప అనుమానంగా.

"ఆట సంగతి కాదు. ఒకటో తారీకున వస్తున్నా. ఇంక అక్కడే."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఉండు మరి" అని పాప ఫోన్ బల్ల మీద పడేసి పరుగెత్తింది. అవతల గదిలోంచి కేక వినిపించింది: "నాన్నా, అలమరాలో నీ చొక్కాలు జరుపు! అమ్మ బట్టలకి చోటు లేదు!"

పిన్ని ఫోన్ చెవికి ఆనించుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. అలమరా తలుపు తెరిచిన చప్పుడు, భర్త ఏదో అడగడం, పాప కసరడం వినిపించాయి. అచ్చం తన కసురే. ఆమె పెట్టేయలేదు, అలాగే వింటూ ఉంది.